మా ఇంటి మదురై బేకరీ

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మా ఆయన ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, అమ్మ పోయింది అన్నారు. నేనప్పుడు మా అత్తకు తీసుకెళ్ళడానికి ఇడ్లీలు డబ్బాలో సర్దుతున్నాను. ముందురోజు సాయంత్రమే ఆమె నాతో దెబ్బలాడింది, ఆసుపత్రి ఇడ్లీ గోడకు కొడితే గోడే పగులుతుంది, రేపటి నుంచి ఇంట్లోంచి తెమ్మని. మనిషి అంత గట్టిగా దెబ్బలాడుతుంటే ఇంకా చాలా కాలం ఉంటుందనే అనుకుంటాం కదా. ఫోన్ పెట్టేశాక కూడా మిగిలిన రెండు ఇడ్లీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఆ తర్వాతే వంటింట్లో కూలబడ్డాను.

కర్మలు ముగిసే పదహారు రోజులూ ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళు మంచి మనిషి, ధర్మాత్మురాలు అంటారని ఎదురుచూశాను. ఒక్కరూ అనలేదు. అందరూ ఒకటే మాట, ఆ గుమ్మడి బిస్కట్టు ఇక ఎవరు చేస్తారు అని. సత్రపట్టి నుంచి వచ్చిన ఒకాయన చెప్పులు విడుస్తూనే ఆ మాట అడిగి, అడిగినందుకు తనే సిగ్గుపడి తల వంచుకున్నాడు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఏడుస్తున్నదాన్ని లోపల్లోపల మురిసిపోయాను. మా అత్త గురించి నేను కొంచెం పొగరుగానే రాస్తాను, చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ముందు ఆ బిస్కట్టు ఎలా పుట్టిందో చెప్పాలి. ఆరేళ్ళ కిందట మా అత్తకు చక్కెర జబ్బు బయటపడింది. డాక్టరు మిగతా తిండి తగ్గించి పొద్దున పూట ఓట్స్ గంజి తాగమన్నాడు. తమిళనాట తెలుగువాళ్ళం ఉండే మా రాజపాళయంలో ఏ పెళ్ళి వంట అయినా పాకం పదును చూడడానికి మా అత్తను పిలిచేవారు. అలాంటి మనిషి ముందు ఆ గంజి గిన్నె పెడితే, దాన్నొకసారి, నన్నొకసారి చూసి, నేను నీకేం అపకారం చేశానని అడిగింది. మూడు రోజులు ఆ గంజి పెరట్లో వేపచెట్టు తాగింది. నాలుగో రోజు నేను చూసేశాను.

మా అమ్మాయి అప్పుడు కోయంబత్తూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. సంగతి విని, ఓట్స్, గుమ్మడికాయ గుజ్జు కలిపి ఇంట్లోనే బిస్కట్లు చేసుకునే వీడియో ఒకటి చూసిందట, పద్ధతి ఫోనులో వాళ్ళ అవ్వకు చెప్పింది. అవ్వ వింటూ రాసుకుంది. మా అత్తకు తెలుగు మాట్లాడటమేగాని తెలుగు అక్షరాలు రావు. నాకు మా నాన్న కూర్చోబెట్టి నేర్పించాడు కాబట్టి వచ్చాయి. ఆమె తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసేది. గ, డ లేని ఆ అక్షరాల్లో గుమ్మడికాయ కాస్తా కుమ్మటికాయ అయ్యేది. డబ్బా మీద చదివితే లోపల ఎవరో ఎవరినో కుమ్ముతున్నట్టు ఉండేది.

అసలు తప్పు అక్షరాల్లో జరగలేదు. మా అమ్మాయి చెప్పిన పద్ధతిలో పంప్కిన్ స్పైస్ ఒక చెంచా అని ఉంది. స్పైస్ అంటే ఏమిటని అవ్వ అడిగితే, మసాలా అవ్వా, గుమ్మడికాయ మసాలా అని చెప్పి ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. గుమ్మడికాయకు మా ఇంట్లో ఎరిగిన మసాలా ఒక్కటే. ధనియాలు, ఎండుమిరపకాయలు, మెంతులు, ఇంగువ వేయించి కొట్టిన పులుసు పొడి. మా అత్త ఒక చెంచా ఎలా సరిపోతుందని రెండు చెంచాలు వేసింది. మా ఆయన మిల్లులో షిఫ్టు ముగించుకొని వచ్చి, ఒక బిస్కట్టు కొరికి, చాలాసేపు నమిలి, పెరుగన్నం ఏమైనా మిగిలిందా అని అడిగారు.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. మా అత్త మర్నాడు మిరపకాయ తీసేసింది, ఆ మర్నాడు ఇంగువ, ఆ తర్వాత మెంతులు. శొంఠి, లవంగం, దాల్చినచెక్క, కొంచెం జాజికాయ, అసలు స్పైస్ అంటే ఇవేనట, ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. ధనియాలు మాత్రం తీయనంది. దోరగా వేయించి, పొడి చేయకుండా చేత్తో నలిపి వేసేది. మా అమ్మాయి సెలవులకు వచ్చి, ఇది ఏ పద్ధతిలోనూ లేదవ్వా అంటే, పద్ధతి రాసినవాళ్ళు మన ధనియాలు చూసి ఉండరులే అంది. ఆ ధనియం గింజ పంటి కింద పడి చిట్లినప్పుడే అది మా అత్త బిస్కట్టని తెలిసేది.

మొదట్లో మా ఇంట్లో ఓవెన్ లేదు. అడుగు మందం గిన్నెలో ఇసుక పోసి, కాగాక దాని మీద పళ్ళెం పెట్టి, పైన మూత వేసి కాల్చేది. తర్వాత మా ఆయన చిన్న ఓవెన్ ఒకటి కొన్నారు, ఒక్కసారికి పన్నెండు పడతాయి. గుమ్మడి ముక్కల్ని ఆవిరి మీద ఉడికించి, పలచటి గుడ్డలో కట్టి నీరంతా కారిపోయేదాకా వేలాడదీసేది. తాటిబెల్లం పాకాన్ని రెండుసార్లు వడకట్టేది. ఓట్స్ వేయించి సగం నలిపి, సగం అట్లాగే వదిలేసేది. అన్నీ వెన్నలో కలిపి, గోధుమపిండి చల్లుకుంటూ, వేలితో ఒత్తి చూసేది. అంచులు గట్టిగా, నడుమ మెత్తగా రావాలి. కరకరలాడేట్టు కాల్చవచ్చు కదా అని ఒకసారి నేను అంటే, "పళ్ళుండేవాళ్ళకి మురుకులు ఉండాయి. పళ్ళు లేనివాళ్ళకి ఎవరుండారు?" అంది. అంతే, ఆ తర్వాత నేను వంట విషయంలో సలహా ఇవ్వలేదు.

రోజుకు ఒక్కటి తినేది, చక్కెర లేని కాఫీలో ముంచుకొని. డాక్టరు ఆ ఒక్కటీ వద్దన్నాడు. మరుసటిసారి వెళ్ళినప్పుడు ఆయనకే ఒక పొట్లం ఇచ్చి వచ్చింది. ఆయన తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఇక గుమ్మడికాయ కోత సంగతి. మా వైపు ఇళ్ళలో ఆడది గుమ్మడికాయను నిండుగా ఉండగా కోయకూడదు. మగవాడు ఒక్క వేటు వేయాలి, ఆ తర్వాతే ఆడవాళ్ళు ముక్కలు చేసుకోవాలి. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. మా ఆయన ఎప్పుడూ మిల్లులోనే. అందుకని మా అత్త మంసాపురం నుంచి వచ్చిన కాయను ఒక చేత్తో, మచ్చుకత్తి ఇంకో చేత్తో పట్టుకొని గేటు దగ్గర నిలబడేది. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు, ఉత్తరాలు పంచేవాడు, కరెంటు మీటరు చూడవచ్చినవాడు, ఎవరు దొరికితే వాళ్ళు. అన్నా, ఒక వేటు వేసిచ్చి పోండి అనేది. తెలియనివాళ్ళు ఆ కత్తిని చూసి రెండడుగులు వెనక్కి వేసేవారు. తెలిసినవాళ్ళు నవ్వుతూ కోసిచ్చి, మరి బిస్కట్టు అని చేయి చాచేవారు. నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఈ కాలంలో ఇదేం చోద్యం అత్తా, నువ్వే కోసుకోరాదా అని విసుక్కుంటే, మొదటి వేటు వాళ్ళది, మిగిలిందంతా మనది, పోనీలే అని నవ్వేది.

ఆమె నవ్వని విషయం ఒకటుంది. మా మామ పోయేనాటికి మా అత్తకు ముప్పై ఎనిమిదేళ్ళు. అప్పటి నుంచి ఏ శుభకార్యంలోనూ ఆమె ముందుకు రాలేదు. పెళ్ళిళ్ళకు పాకం పట్టి ఇచ్చేది, లడ్డూ చుట్టేది మాత్రం ముత్తైదువలు. వంటపందిట్లో నిలబడి మేళం వినేది. ముహూర్తం అయ్యాక అందరూ లేచిపోయినప్పుడు వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఆ అననివాళ్ళలో నేనూ ఉన్నాను.

రెండేళ్ళ కిందట మా అమ్మాయికి సేత్తూరు సంబంధం వచ్చింది. కొబ్బరితోట, మామిడితోట ఉన్న కుటుంబం, అబ్బాయి నెమ్మదస్తుడు. మా అమ్మాయికి అతను ముందే నచ్చాడు, కాలేజీలో పరిచయం. కాబట్టి ఆ సంబంధం తప్పిపోకూడదని నా ప్రాణాలన్నీ దాని మీదే పెట్టుకున్నాను. అబ్బాయి తల్లి గురించి ఒక మాట విన్నాను, రాహుకాలం చూడకుండా ఆమె బస్సు కూడా ఎక్కదట.

వాళ్ళు పిల్లను చూడవచ్చిన రోజు మా అత్త తెల్లవారుజామునే లేచి కేసరి చేసింది, బజ్జీలకు పిండి కలిపింది, డబ్బా నిండా బిస్కట్లు కాల్చింది. కార్ల శబ్దం వినగానే వంటింట్లోకి వెళ్ళి తలుపు ఓరగా వేసుకుంది. మా అమ్మాయి, అవ్వ రాకపోతే నేనూ రానని మొండికేసింది. చూడాల్సింది నిన్ను, నన్ను కాదు, పో అని అవ్వ లోపలి నుంచే తరిమింది.

అబ్బాయి తాత బిస్కట్టు ఒకటి తిన్నాడు, రెండు తిన్నాడు, మూడోది తీసుకొని చేతిలో పెట్టుకున్నాడు. అబ్బాయి తల్లి కూడా ఒకటి తిని, ఏదో గింజ తగిలిందే, చాలా బాగుంది, ఎవరు చేసినారు అని అడిగింది.

మా అత్త అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మాటలు. కాని నాకు ఆ రాహుకాలం మాట గుర్తొచ్చింది. పిల్లను చూడవచ్చిన పూట నోరు తీపి చేసింది ఒక విధవ చెయ్యి అని ఈమె లెక్కవేస్తే? అపశకునం అని లేచిపోతే? నా నోరు దానంతటదే, మదురైలో ఒక బేకరీ ఉంది, అక్కడి నుంచి తెప్పించాం అనేసింది.

వంటింటి తలుపు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది.

సంబంధం కుదిరింది. వాళ్ళు వెళ్ళాక నేను తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళాను. మా అత్త పళ్ళేలు కడుగుతోంది. తిట్టలేదు, ఏడవలేదు. మదురై బేకరీ పళ్ళేలు కడిగేసింది, తుడిచి పెట్టు అంది. అంతే. ఆ రోజు నుంచి తనను తాను అలాగే పిలుచుకుంది. మదురై బేకరీకి మోకాళ్ళు నొప్పి, కొంచెం తైలం ఇట్లా తీసుకురా. మదురై బేకరీ ఇప్పుడు పడుకుంటుంది, టీవీ తగ్గించు. మా ఆయన నవ్వేవారు. నేను నవ్వలేకపోయేదాన్ని. వీధిలో ఎవరు బేకరీ అన్నా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడేదాన్ని. క్షమించు అత్తా అని ఒక్కమాట అనాల్సింది. ఆమె ముఖం చూడగానే, మందులు వేసుకున్నావా అని అడిగి ఊరుకునేదాన్ని.

అంతటితో పోలేదు. లగ్నాలు పెట్టుకున్నాక అబ్బాయి తల్లి ఫోన్ చేసింది. పెళ్ళికూతురి వైపు నుంచి మండపానికి మోసుకెళ్ళే సారెను మా పక్క సీరు అంటాం. ఆ సీరు పళ్ళేల్లో ఒకటి నిండుగా ఆ మదురై బిస్కట్లు పెట్టమని అడిగింది, తమవాళ్ళంతా వాటి గురించే చెప్పుకుంటున్నారట. సరేనని ఫోన్ పెట్టేసి మా ఆయనకు చెప్పాను. దాగనిదాన్ని దాచబోతే, నిండు గుమ్మడికాయను సోరులో, అంటే అన్నంలో, దాచడం అని తమిళంలో సామెత ఉంది, ఆయన దాన్నే ఎత్తుకున్నారు. "పూసణిక్కాయని సోత్తుల దాచినావు. ఇప్పుడు చూడు, సోరు తక్కువైనాది" అన్నారు.

బిస్కట్లు చేస్తావా అత్తా అని అడగడానికి నాకు ముఖం లేదు. నేను అడగకముందే ఆమె తాటిబెల్లం తెప్పించింది. పిల్ల పెళ్ళి, ఎవరి పేరుతో పోతే ఏమి అంది. ఆ మాట కన్నా ఆమె నన్ను ఒక దెబ్బ కొట్టి ఉంటే బాగుండేది.

పెళ్ళి ఇంకా పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం నేను మేడ మీద వడియాలు ఎండబెడుతున్నాను. కొండల వైపు నుంచి గాలి గట్టిగా కొడుతుంటే గుడ్డ ఎగిరిపోకుండా రాళ్ళు పెడుతున్నాను. కింద గేటు దగ్గర మా అత్త ఎప్పటిలాగే కాయ, కత్తి పట్టుకొని నిలబడి ఉంది. ఒక పెద్దాయన తెల్ల పంచె, చేతిలో పసుపు సంచితో మా ఇంటి వైపే నడిచి వస్తున్నాడు. ఎవరా అని తొంగి చూశాను. చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. అబ్బాయి తాత.

ఆయన ఎవరో మా అత్తకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ రోజు ఆమె తలుపు వెనక ఉంది. ఆమె ఎవరో ఆయనకూ తెలియదు. నేను అత్తా అని అరిచే లోపే ఆమె, అన్నా, ఒక వేటు వేసిచ్చి పోండి అని కత్తి ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన రైతు, వెనక్కి జంకలేదు. సంచి అరుగు మీద పెట్టి, కాయను అటూ ఇటూ తిప్పి చూసి, తొడిమ పక్కన ఒక్కటే వేటు వేశాడు. కాయ రెండుగా విచ్చుకుంది. నేను మెట్ల మీద పరుగెత్తుతున్నాను.

నేను కిందికి చేరేసరికి ఆయన తను వచ్చిన పని చెబుతున్నాడు. మర్నాడు పట్టుబట్టలకు మదురై వెళ్తున్నారట. ఆ బేకరీ ఎక్కడుందో చెబితే బిస్కట్లు తనే తెచ్చేస్తాడట, పెళ్ళికూతురి వారికి శ్రమ ఎందుకని. మా అత్తకు అప్పుడు అర్థమైంది ఆయన ఎవరో. కొంగు లాక్కుంది. అలవాటు ప్రకారం లోపలికి పోయి తలుపు వెనక నిలబడుతుందని నేననుకున్నాను. పోలేదు.

"మీరు మదురై పోవాల్సిన పని లేదన్నా. ఆ బేకరీ నేనే. మీరిప్పుడు కోసినారే, ఆ కాయతోనే చేయబోతాను" అంది.

ఆయన ఆమె ముఖం చూశాడు, బొట్టు లేని నుదురు చూశాడు, వెనక నిలబడ్డ నన్ను చూశాడు. నాకు భూమి రెండుగా చీలితే బాగుండు అనిపించింది. మా అత్త నా వైపు తిరగకుండానే అంది.

"కోడలు భయపడి అబద్ధం చెప్పినాది. బిడ్డ కోసం భయపడింది, అది తప్పు కాదు. ఆ భయం పడాల్నా వద్దా అనేది మీరే చెప్పాల."

నా జీవితంలో నా పక్షాన ఎవరైనా అంత సూటిగా మాట్లాడటం నేను వినలేదు. ఏ మనిషిని నేను తలుపు వెనక దాచానో ఆ మనిషే నా తరఫున వాదిస్తోంది. ఏడుపు ఆగలేదు. ఆ పెద్దాయన ముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చాను.

ఆయన కత్తిని అరుగు మీద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఆ విచ్చుకున్న కాయను చూసి నవ్వాడు.

"మొదటి వేటు నేనే వేసినాను గదమ్మా. ఇంక వద్దనేదానికి నాకు నోరు యాడుండాది? ఆ పళ్ళెం నీ చేత్తోనే రావాల. మా కోడలికి నేను చెప్తాను. ఆమెకీ కొంచెం భయం ఎక్కువ."

తర్వాత అరుగు మీద కూర్చొని కాఫీ తాగి, డబ్బాలో ఉన్న పాత బిస్కట్లు నాలుగు తిని, సేత్తూరు బస్సుకు వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగాక మా అత్త కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నేను చెప్పాలనుకున్నది ఏదీ చెప్పనివ్వలేదు. గింజలు తీసి ఎండలో పెట్టు, ముక్కు చీదుకొని చేతులు కడుక్కో అంది.

ఆ తర్వాతి రోజుల్లో ఆ చిన్న ఓవెన్ ఎంత పని చేసిందో దానికే తెలియాలి. పన్నెండు, మళ్ళీ పన్నెండు, మళ్ళీ పన్నెండు. కరెంటు పోతే పాత ఇసుక గిన్నె దించేవాళ్ళం. నేను గుజ్జు పిండేదాన్ని, ఆమె కలిపేది, మా అమ్మాయి గోరింటాకు ఆరని చేతుల్ని పైకెత్తి పట్టుకొని పక్కన నిలబడి వాసన చూసేది. ఒత్తడం మాత్రం ఎవరినీ చేయనివ్వలేదు. అంచు అంచుకూ ఆమె వేలే.

ఒక్క సంగతి మాత్రం మాకు తెలియదు. తాత చెప్పాడో లేదో, చెబితే ఆ తల్లి ఏమందో. సేత్తూరు నుంచి ఏ కబురూ రాలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పెళ్ళిరోజు పొద్దున మా అత్త కొత్త చీర కట్టుకుంది, మట్టిరంగు పట్టు. పళ్ళెం చేతుల్లోకి తీసుకొని వాకిట్లోకి వచ్చింది. మా వైపు బంధువుల్లోనే ఎవరో వెనక నుంచి గొణిగారు, వయసొచ్చాక కూడా తెలియద్దా అని. ఆమె వినలేదు, విన్నా తిరగలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఏ మేళం వెనకా నడవని మనిషి, మా ఇంటి నుంచి మండపం దాకా రెండు వీధులు, ఎండలో, బరువైన పళ్ళేన్ని ఒక్కసారి కూడా చేయి మార్చకుండా మోసింది. పక్కనే నడుస్తూ, నేను పట్టుకోనా అత్తా అంటే, నీది నువ్వు మొయ్యి అంది.

మండపం గుమ్మంలో హారతి పళ్ళెంతో నిలబడింది అబ్బాయి తల్లి. మా ముందు నడిచినవాళ్ళ పళ్ళేలు ఒక్కొక్కటే లోపలికి వెళ్తున్నాయి. వాళ్ళ వైపు ఆడవాళ్ళలో ఒకామె తొంగి చూసి నన్నే అడిగింది, ఇవేనా ఆ మదురై బిస్కట్లు అని.

ఈసారి తలుపు లేదు. మేళాన్ని మించేట్టు గొంతు పెంచాను. "మదురై కాదు. మా అత్త చేసింది. ఇదిగో, ఈమే" అన్నాను.

అబ్బాయి తల్లి హారతి పళ్ళేన్ని పక్కనున్న పిల్ల చేతికిచ్చింది. మా అత్త మీది నుంచి చూపు తిప్పకుండా దగ్గరికి వచ్చింది. పళ్ళెంలోంచి ఒక బిస్కట్టు తీసుకొని, విరిచి, అక్కడే గుమ్మంలోనే నోట్లో వేసుకుంది. గింజ చిట్లి ఉంటుంది, ముఖం మారింది. "ధనియాలా పెద్దమ్మా? నేను సోంపు అనుకొని ఇన్నాళ్ళూ ఇంట్లో తప్పుగా చేస్తా ఉండాను" అంది.

ఇక చూడండి. ఆమె తీసుకున్నాక ఆ పక్కనామె తీసుకుంది, ఆమె పిల్లలు తీసుకున్నారు, అబ్బాయి తాత మూడు తీసుకున్నాడు, మేళం వాయించేవాళ్ళలో ఒకతను సైతం ఊదడం ఆపి చేయి చాచాడు. సీరు పళ్ళెం ముహూర్తం అయ్యేదాకా ముట్టుకోకూడదు. ఆ సంగతి ఆ రోజు ఒక్కరికీ గుర్తు రాలేదు. మా అత్త పళ్ళేన్ని కొంచెం కిందికి వంచి పట్టుకొని, తీసుకోండి, తీసుకోండి అంటూ నడిచింది. వేదిక దగ్గరికి చేరేసరికి పళ్ళెం సగం ఖాళీ.

వేదిక మీద పళ్ళన్నీ గోపురాల్లా పేర్చిన పళ్ళేలు, పూలు, పట్టుబట్టలు, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా, అన్నీ వరుసగా నిండుగా ఉన్నాయి. మా అత్త తన పళ్ళేన్ని వాటి నడుమ పెట్టింది. ఫొటో తీసే అబ్బాయి వచ్చి, ఆ సగం ఖాళీది వెనక్కి పెట్టండమ్మా, చూడ్డానికి బాగుండదు అన్నాడు. మా అత్త పళ్ళెం వైపు తిరిగింది. వంగింది. అతను అప్పుడే బొత్తాం నొక్కాడు.

ఆ ఫొటో ఆల్బమ్‌లో ఉంది. అందులో ఆమె ముఖం పడలేదు. నిండు పళ్ళేలన్నీ వెనక వరుసలో ఉన్నాయి. అన్నిటికన్నా ముందు సగం ఖాళీ పళ్ళెం, అడుగున రాలిన పొడి, దాన్ని ఇంకా కొంచెం ముందుకు జరుపుతూ గాజులు లేని రెండు చేతులు.